గుట్ట కింద పెంగ్విన్

వరంగల్ శివార్లలో ఒక గుట్ట ఉంది. పేరు చెప్పను. చెబితే సాయంత్రానికల్లా అక్కడ గజం రేటు పెరుగుతుంది. ఆ గుట్ట కింద ఈ మధ్య ఒక పార్కు వెలిసింది. గేటు దాటగానే మనకు ఎదురయ్యేది ఒక పెంగ్విన్. ఫైబర్‌ది. నోరు బార్లా తెరుచుకుని, పొట్ట మీద ‘యూజ్ మీ’ అని రాయించుకుని నిలబడి ఉంటుంది. మీరు చూసే ఉంటారు, మీ ఊరి పార్కులో దాని అన్నో తమ్ముడో ఉండే ఉంటాడు. చెత్తడబ్బా అన్నమాట.

చల్లటి సముద్రాల ఒడ్డున బతికే పక్షిని తెచ్చి మే నెల 44 డిగ్రీల ఎండలో డ్యూటీకి నిలబెట్టినవారి దూరదృష్టిని నేను శంకించడం లేదు. నా సందేహమల్లా సర్వీసు నిబంధనల గురించి. 1952లో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అంటూ విద్యార్థులు రోడ్డెక్కింది ఈ వరంగల్‌లోనే. మా ఉద్యోగాలు మాకే కావాలని కొట్లాడి కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నాం. అలాంటి గడ్డ మీద ఒక నాన్ లోకల్ పక్షికి, బోనఫైడ్ సర్టిఫికెట్ కూడా అడగకుండా, పర్మినెంట్ పోస్టు ఎలా ఇచ్చారు? పాలపిట్ట, కంజుపిట్ట, తీతువు దరఖాస్తు పెట్టుకోలేదా? పెట్టుకునే ఉంటాయి. నోరు అంత పెద్దగా తెరవలేక ఇంటర్వ్యూలో పోయి ఉంటాయి.

దాని ప్రారంభోత్సవం నేను కళ్లారా చూశాను. టెంట్లు వేశారు, బ్యాండు పెట్టారు. నాయకుడు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చి, రిబ్బన్ కత్తిరించి, ఒక ఖాళీ వాటర్ బాటిల్‌ను స్వహస్తాలతో పెంగ్విన్ నోట్లో వేశారు. చప్పట్లు. ఫొటోలో కళ్లు మూసుకుపోయాయి సార్, ఇంకోసారి వేయండి అన్నాడు ఫొటోగ్రాఫర్. వేయడానికి ఇంకో ఖాళీ బాటిల్ లేదు. అన్నీ నిండుగా, సీళ్లతో ఉన్నాయి. వేసిందే తీద్దామంటే పెంగ్విన్ వీపుకున్న తలుపుకి తాళం. తాళంచెవి కాంట్రాక్టర్ దగ్గర, కాంట్రాక్టర్ ఇంకో ఊళ్లో, బహుశా ఇంకో పెంగ్విన్ దగ్గర. చివరికి సన్నగా ఉన్న ఒక కుర్రాణ్ని పట్టుకొచ్చి నోట్లో చెయ్యి పెట్టించారు. ఆ చెయ్యి భుజం దాకా లోపలికి పోయి ఇరుక్కుంది. కార్యకర్తలు ఇద్దరు కుర్రాణ్ని పట్టుకున్నారు, ఇద్దరు పెంగ్విన్‌ను పట్టుకున్నారు. ఆపమని ఎవరూ చెప్పకపోవడంతో బ్యాండువాళ్లు వాయిస్తూనే ఉన్నారు. దూరం నుంచి చూసేవాళ్లకు ఎవరిదో బారాత్ అనిపించి ఉంటుంది.

అప్పుడే కంచె అవతల గొర్లు కాసే ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. వాచ్‌మన్‌ను పిలిచి అడిగాడు.

“గదేం పిట్ట బిడ్డా?”

“పెంగ్విన్ తాతా.”

“ఏడుంటది?”

“మంచు దేశంల.”

“గడ్డి మేస్తదా?”

“మెయ్యది. చెత్త తింటది.”

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. “గట్లయితె బతుకుతది తియ్. మన దగ్గర మస్తు దొరుకుతది” అని గొర్లను అదిలించుకుంటూ పోయాడు. ఆ రోజు జరిగిన ప్రసంగాలన్నింటిలో పర్యావరణం గురించి పనికొచ్చే మాట అదొక్కటే.

మిగతా ప్రసంగాల సారాంశం ఒక్క వాక్యం: “ఇంతకుముందు ఇక్కడ ఏమీ లేకుండె, పిచ్చిచెట్లు తప్ప.”

ఆ ‘ఏమీ లేదు’లో ఏమేం ఉన్నాయో రికార్డు కోసం రాస్తున్నాను, ఎవరూ చదవరని తెలిసినా. గుండ్ల సందుల్లో సీతాఫలం. పక్కన బలుసు పొదలు, రేగు, పరికి. ఎండాకాలం ఎర్రగా పూసే మోదుగ. బీడీలకు ఆకునిచ్చే తునికి. నిర్మల్ బొమ్మలు చెక్కేది పొనికి కర్రతోనే, ఆ చెట్టూ ఇలాంటి రాతి గుట్టలనే ఎంచుకుంటుంది. మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలో చెవులపిల్లి అనే కుందేలు, కంజులు, ముంగిస, ఉడుము. కొంచెం పైకి పోతే ముండ్లపంది, నక్క. గుహల్లాంటి సందులున్న చోట్ల గుడ్డెలుగు. ఒంటి నిండా పెంకులుండే అలుగు కూడా ఉంటుంది, కానీ అది రాత్రిపూట తిరుగుతుంది. పగటిపూట పర్యటించే నాయకులకు కనబడే అవకాశం లేదు.

పిచ్చిచెట్లంటే ఇవి. ఇన్ని ఉన్నా గుట్టకు పహాణీలో పోరంబోకు అన్న హోదా తప్ప ఇంకేమీ దక్కలేదు. ఢిల్లీ దృష్టిలోనూ అంతే. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే బంజరు భూముల అట్లాసులో దట్టమైన పొదలున్న నేలకు ఒక గడి, పలుచటి పొదలున్న నేలకు ఒక గడి, రాళ్ల నేలకు ఒక గడి ఉన్నాయి. 2019లో వచ్చిన అట్లాసు దేశ భూభాగంలో 16.96 శాతాన్ని ఇలాంటి గడుల్లో నింపింది. ఉపగ్రహానికి అంత ఎత్తు నుంచి చెవులపిల్లి కనబడకపోవడంలో వింతేమీ లేదు. గుట్ట కింద నిలబడ్డవాడికే కనబడలేదు.

చెవులపిల్లి అంటే గుర్తొచ్చింది. పార్కులో పెంగ్విన్‌కు తోడుగా ఒక కుందేలు చెత్తడబ్బా కూడా ఉంది. తెల్లగా, ఎర్రటి కళ్లతో, చేతిలో క్యారెట్‌తో. మన గుట్ట కుందేలు తెల్లగా ఉండదు. ఎండిన గడ్డి రంగులో ఉంటుంది. బొరియ తవ్వుకోదు, గడ్డి దుబ్బులో ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుని కూర్చుంటుంది. మీరు తొక్కబోయే దాకా కదలదు. ఆ తర్వాత మీకు కనబడదు. క్యారెట్ అది ఏ జన్మలోనూ చూసి ఉండదు. బతికున్న కుందేలు కూర్చునే గడ్డిని చెక్కేసి, అదే జాగాలో సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద ఫైబర్ కుందేలును బోల్టులతో బిగించి, కింద ‘వన్యప్రాణులను ప్రేమించండి’ అని రాశారు. ఇంత పద్ధతిగా జరిగిన పనిని నేను ఇంకోటి చూడలేదు.

ఇప్పుడు రాష్ట్ర చిహ్నాల సంగతి. 2014 నవంబరులో నాలుగింటిని ప్రకటించారు: జింక, పాలపిట్ట, జమ్మి, తంగేడు. జింకను అడవికి వదిలేయండి. మిగతా మూడూ ఎక్కడివి? తంగేడు పూసేది గుట్ట వాలుల్లో, బీళ్లలో. జమ్మి వానలు తక్కువపడే మెట్ట నేలల చెట్టు. పాలపిట్టకు కావాల్సింది చెట్టుకూ చెట్టుకూ మధ్య ఖాళీ. ఏ మోడు మీదో కూర్చుని, కింద గడ్డిలో కదిలే మిడత మీద వాలుతుంది. తొర్ర ఉన్న ఎండు చెట్టు దొరికితే గుడ్లు పెడుతుంది. అంటే ప్రభుత్వం ఈ మూడు గౌరవ చిహ్నాలనూ తానే దేనికీ పనికిరాదని రాసుకున్న నేలలోంచి ఏరుకుంది. పోరంబోకులో పుట్టినవాటికి ఇంత పెద్ద పదవులు రావడం మన ప్రజాస్వామ్యంలో కొత్తేమీ కాదు గాని, పదవి వచ్చాక ఇల్లు కూలగొట్టడం మాత్రం వీటికే జరిగింది.

బతుకమ్మకు ముందు ఆడవాళ్లు గుట్ట ఎక్కి తంగేడు, గునుగు కోసుకొచ్చేవారు. ఇప్పుడు హన్మకొండ చౌరస్తాలో కట్టల లెక్కన కొంటున్నారు. పార్కులో మాత్రం సిమెంటు బతుకమ్మ ఏడాది పొడవునా వాడిపోకుండా ఉంది, రాత్రిపూట లైట్లతో సహా.

మరి పచ్చదనం కోసం ఏం నాటారంటారా? కోనోకార్పస్. ఎక్కడో అమెరికా సముద్రతీరాల్లో, ఉప్పునీటి పక్కన పెరిగే జాతి. దాన్ని నాటొద్దని గుజరాత్ 2023లోనే నిషేధం పెట్టింది. మన పార్కులో దానికి గొడుగు ఆకారంలో క్షవరం కూడా చేస్తున్నారు. 2015లో మొక్కలు నాటే హరితహారం పథకం మొదలైనప్పుడు రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నారు. మంచి లక్ష్యమే. ఉన్నదాన్ని పీకి కొత్తది నాటితే అది ఏ శాతంలోకి వస్తుందో లెక్కలు తెలిసినవాళ్లు చెప్పాలి.

మొక్కలు వానలకు నాటాలి కాబట్టి నేల చదును చేసే పని ఎండాకాలంలో పెట్టుకుంటారు. జేసీబీ మే నెలలో వచ్చింది. తీతువు గూడు కట్టదు. వట్టి నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. గులకరాళ్లకూ వాటికీ తేడా తెలియదు, అదే వాటికి కాపలా. గుడ్లు పెట్టే కాలం సరిగ్గా ఆ ఎండాకాలమే. జేసీబీ ముందుకొస్తుంటే ఆ పిట్ట పారిపోలేదు. ఇంజిను మీదికి దూకింది. నేల మీద పడి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పక్కకు పోయింది, ఆ యంత్రం కూడా కుక్కలాగా తన వెంట పడుతుందనుకుంది. పడలేదు. డ్రైవరును నేను ఏమీ అనను, గంటల లెక్కన బతికేవాడు. కానీ పక్కనే నిలబడి, చేతిలో లేఅవుట్ పటం పట్టుకుని, “ఈ దరిద్రపు పిట్ట అపశకునం, తొందరగా కానియ్యండి” అన్నారే, ఆయన చదువుకున్నాడు. నెలనెలా జీతం తీసుకుంటున్నాడు. ఒక్క నెల ఆగితే ఆ పిల్లలు నడిచి పోయేవి. పుట్టిన కొద్ది గంటలకే నడుస్తాయవి. ఒక్క నెల! బిల్లు పాస్ కావడానికి ఏడాది ఆగుతారు, నాయకుడి డేటు కోసం ఆర్నెల్లు ఆగుతారు, నాలుగు గుడ్ల కోసం ఆగలేరు. అపశకునం ఆ పిట్టది కాదు, ఆయనది. సిగ్గులేనితనానికి ఇస్త్రీ చొక్కా వేసినంత మాత్రాన అభివృద్ధి అయిపోదు.

సరే. మళ్లీ మర్యాదగా మాట్లాడుకుందాం.

గుట్ట ఇంకోవైపు మొరం టిప్పర్లకు పోయింది. కాకతీయులు చెరువులు కట్టింది ఈ గుట్టల మీది నీటిని నమ్ముకునే. పాకాలైనా రామప్పైనా, పైన గడ్డీ పొదలూ ఉన్నంతకాలమే కిందికి నీళ్లు వస్తాయి, లేకపోతే మట్టి వస్తుంది. పైన గోకి కింద పూడిక తీయడానికి మళ్లీ టెండర్ పిలవవచ్చు, ఆ రకంగా రెండు చోట్లా పని. కరీంనగర్ వైపు గుట్టల గతి ఇంకా ఘనం. అవి పలకలుగా, టాన్ బ్రౌన్ గ్రానైట్ అన్న పేరుతో కాకినాడ రేవు దాకా ప్రయాణం చేసి దేశాలు చూస్తున్నాయి.

2017లో గొర్రెల పంపిణీ మొదలైంది. ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. గొల్లకురుమల చేతికి జీవాలొచ్చాయి. మేపే బంచరాయి మాత్రం యూనిట్‌లో భాగం కాదు. జీవాలేమో సబ్సిడీ మెయ్యవు. 2019లో హుజూరాబాద్‌లో రెండు మేకలు ఒక స్వచ్ఛంద సంస్థ నాటిన మొక్కలు తిన్నందుకు పోలీస్ స్టేషన్‌కు పోయిన సంగతి దేశమంతా చదివింది. యజమాని 1,000 రూపాయలు జరిమానా కట్టి విడిపించుకున్నాడు. మేకల వాదన ఏమిటో ఎవరూ నమోదు చేయలేదు.

మన పార్కు గేటుకు కూడా ‘పశువులకు ప్రవేశం లేదు’ అన్న బోర్డు పెట్టారు. అందుకని ఆ పెద్దాయన ఇప్పుడు మందను 163వ నంబరు జాతీయ రహదారి పక్కన మేపుతున్నాడు. లారీలవాళ్లు హారన్ కొట్టి, అద్దం దించి, తల బయటపెట్టి మరీ అడుగుతున్నారు: “మేపుకోను నీకు వేరే జాగనే దొరకలేదా?”