ఆ ట్రైనింగ్‌ని టైమ్ వేస్ట్ అనకండి

పొద్దున కెనడా తెలుగు నర్సుల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పెట్టిన మెసేజ్ చదివిన దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది. "మళ్ళీ ఆ నేటివ్స్ ట్రైనింగ్ వేశారు, టైమ్ వేస్ట్. మనం అందరినీ ఒకేలా చూస్తాం కదా, వీళ్ళకి స్పెషల్‌గా ఏంటి?" అది మా ఆసుపత్రుల్లో కెనడా ఆదివాసీ రోగుల్ని వివక్ష లేకుండా చూడటం నేర్పే శిక్షణ. మెసేజ్ కింద వరసగా లైకులు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నేను అక్కడ రాస్తే పది నిమిషాల్లో డిలీట్ చేస్తారు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఒకేలా చూస్తున్నామా? జాయిస్ ఎషాక్వాన్‌ని ఒకేలా చూశారా? అటికమెక్ అనే ఆదివాసీ జాతి మనిషి, 37 ఏళ్ళు, ఏడుగురు పిల్లల తల్లి. 2020 సెప్టెంబర్ 28న క్యుబెక్‌లోని జోలియెట్ ఆసుపత్రిలో నొప్పికి తాళలేక అరుస్తూ ఫేస్‌బుక్ లైవ్ పెట్టింది. పక్కనే నిలబడి ఆమెని తెలివితక్కువదానివని తిట్టిన గొంతులు ప్రపంచమంతా విన్నది. మత్తుకి అలవాటుపడి నాటకాలాడుతోందనుకున్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆ రోజే పోయింది. ఆ చావులో జాతి వివక్ష పాత్ర ఉందని, మరణాల మీద విచారణ చేసే అధికారి, కరోనర్, రాతపూర్వకంగా చెప్పారు. తిట్టినవాళ్ళలో ఒకరు నర్సు. మన యూనిఫామ్‌లో ఉన్న మనిషి. నాకు కడుపు రగిలేది అక్కడే.

అంతకుముందు, 2008లో, విన్నిపెగ్‌లో బ్రయన్ సింక్లేర్. రెండు కాళ్ళూ లేని ఆదివాసీ మనిషి, ఎమర్జెన్సీలో వీల్‌చెయిర్‌లోనే 34 గంటలు. మూత్రంలో ఇన్ఫెక్షన్. కాథెటర్ (మూత్రం గొట్టం) మార్చి యాంటీబయాటిక్స్ ఇస్తే బతికేవాడు. తాగి పడున్నాడనుకున్నారు. చూసినవాళ్ళంతా అందరినీ ఒకేలా చూస్తామనే చెప్పుంటారు!

ఈ ట్రైనింగ్‌ని మేనేజ్‌మెంట్ ఏసీ గదిలో కూర్చుని కనిపెట్టలేదమ్మా. 1988లో న్యూజిలాండ్‌లో ఒక మావోరీ, అంటే అక్కడి ఆదివాసీ, నర్సింగ్ విద్యార్థిని పెద్దల్ని నిలదీసింది: చట్టపరమైన భద్రత, నైతిక భద్రత అంటున్నారు, మా సంస్కృతికి భద్రత ఏదీ అని. ఇరిహాపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడితే 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ సిలబస్‌లో పెట్టింది. అవతలి మనిషి తన దగ్గర నిబ్బరంగా ఉండగలిగాడా లేదా అన్నది నర్సు తేల్చేది కాదు, వైద్యం చేయించుకున్నవాళ్ళు చెప్పాలి. ఆమె పాఠం అదే. మరి "మనం ఒకేలా చూస్తాం" అని మనకి మనమే మార్కులు వేసుకుంటే ఎలా చెల్లుతుంది? కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వైద్యంలో జాతి వివక్ష మీద 2020లో వచ్చిన రిపోర్టు కోసం అడిగితే, జవాబిచ్చిన ఆదివాసీల్లో 84 శాతం మంది వైద్యం దగ్గర వివక్ష ఎదురైందన్నారు. అక్కడి సాన్యాస్ శిక్షణ ఆదివాసీలే తయారుచేసి నడుపుతున్నది. పది స్లైడ్లు నొక్కించి సర్టిఫికెట్ ఇచ్చే చోట్ల మీద కోపమా? ఉంటే చెప్పండి, నేనూ మీతో కలిసి సంతకం పెడతా.

అసలు నా బాధ వేరే, చాలా పాతది. మన యాస మీద ఎవరైనా నవ్వితే, "తెల్ల నర్సుని పంపండి" అని ఓ ముసలాయన అంటే, ఇదే గ్రూపులో వారం రోజులు ఏడుస్తాం. ఏడవాల్సిందే, అది అవమానమే. కానీ డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో "ఆ రిజర్వ్ (ఆదివాసీలకి కేటాయించిన ఊరు) నుంచి వచ్చినావిడ, డ్రగ్స్ కోసమే వస్తుంది, జాగ్రత్త" అని ఎవరో అంటే తలూపే మొదటి తల మనదే. దేశం వచ్చి ఏడాది తిరక్కుండానే వీళ్ళ మీద ఆ మాటలన్నీ ఎవరు నేర్పారు మనకి? ఆదివాసీల కోసం విడిగా "ఇండియన్ హాస్పిటల్స్" పెట్టి నాసిరకం వైద్యంతో సరిపెట్టిన దేశం ఇది. ఆ ఆసుపత్రుల్లో గడిపిన అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. మన వార్డుల్లోనే పడుకుని, మనం సూది పట్టుకుని వస్తుంటే భయపడుతున్నారు.

జాయిస్ పోయిన రెండు నెలలకే ఆమె జాతివాళ్ళు "జాయిస్ ప్రిన్సిపుల్" రాసి ప్రభుత్వం చేతిలో పెట్టారు. వివక్ష లేని వైద్యం మా హక్కు అన్నారు, అంతే. క్యుబెక్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. వ్యవస్థలో జాతి వివక్ష ఉందని ఒప్పుకోవాల్సి వస్తుందని! 2024లో తనకి నచ్చినట్టు ఒక చట్టం చేసుకుంది, మమ్మల్ని కలుపుకోలేదని ఆదివాసీ నాయకులు మొత్తుకున్నా ఆగలేదు. ఆమె జాతివాళ్ళు రాసిన మాటల్ని వాళ్ళు రాసినట్టే ఒప్పుకోవడం ఆ తల్లి పిల్లలు ఏడుగురికీ ప్రభుత్వం బాకీ ఉంది. అది తీరేదాకా ఆ గ్రూపులో నన్ను ఎన్నిసార్లు తీసేసినా ఇదే రాస్తా.