షా చనిపోయాక ఏం జరిగింది?

ఇండియా నుంచి ఎవరొచ్చినా బోస్టన్ కామన్ పార్కులో స్టేట్ హౌస్ ఎదురుగా ఉన్న కంచు శిల్పం దగ్గరికి తీసుకెళ్తాను. గుర్రం మీద తెల్లజాతి కల్నల్ రాబర్ట్ గౌల్డ్ షా, పక్కన తుపాకులు భుజానేసుకుని నడుస్తున్న నల్లజాతి సైనికులు. బానిసత్వం విషయంలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో, ఉత్తరాది పక్షాన పోరాడిన 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ అది. 1989లో వచ్చిన 'గ్లోరీ' వాళ్ల సినిమాయే.

మొన్న ఫిబ్రవరిలో పిల్లలతో కూర్చుని మళ్లీ చూశాను. డెంజెల్ వాషింగ్టన్ నటనకి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అంత బాగుంది కాబట్టే అందులోని తప్పులు బాధపెడతాయి, పిల్లలు అదే చరిత్ర అనుకుంటారు కదా.

అందులో ఒక సైనికుణ్ణి కొరడాతో కొట్టే సీను ఉంది చూడండి, సైన్యంలో కొరడా శిక్షని 1861లోనే తీసేశారు. రెజిమెంట్ పుట్టిందే 1863లో. సినిమాలో ఎక్కువమంది పారిపోయి వచ్చిన బానిసలు. నిజానికి చాలామంది ఉత్తరాదిలో స్వేచ్ఛగా బతుకుతూ, కోరి చేరినవాళ్లు. బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులిద్దరు అందులో ఉన్నారు, పెద్దవాడు లూయిస్ సార్జెంట్ మేజర్. తెర మీద డగ్లస్ కనిపిస్తారు, కొడుకులు కనిపించరు.

ఇవన్నీ ఒక ఎత్తు, జీతం సంగతి ఒక ఎత్తు. తెల్ల సైనికులతో సమానంగా నెలకి 13 డాలర్లని చెప్పి చేర్చుకుని, 10 అన్నారు. బట్టల కింద 3 పట్టుకుని చేతికి 7 ఇవ్వబోయారు. సినిమాలో సైనికులు జీతం కాగితాలు చించేస్తారు, షా కూడా తనది చించుతాడు, చప్పట్లు. బయట మాత్రం ఆ పోరాటం దాదాపు ఏడాదిన్నర నడిచింది. తగ్గిన డబ్బు తామిస్తామని మసాచుసెట్స్ రాష్ట్రం ముందుకొచ్చినా వాళ్లు పుచ్చుకోలేదు. తమని సైనికులుగా గుర్తించాల్సింది ఫెడరల్ ప్రభుత్వమేనని పట్టుబట్టారు. కార్పొరల్ జేమ్స్ హెన్రీ గూడింగ్ 1863 సెప్టెంబరులో నేరుగా లింకన్‌కే ఉత్తరం రాసి, మేము సైనికులమా, కూలీలమా అని అడిగాడు. 1864 జూన్‌లో కాంగ్రెస్ సమాన జీతానికి ఒప్పుకుంది. మరుసటి నెలలోనే గూడింగ్ దక్షిణాది సైన్యం నడిపిన ఆండర్సన్‌విల్ జైలు శిబిరంలో చనిపోయాడు.

ఈ భాగం సినిమాలో లేదు. 1863 జూలై 18న దక్షిణాది సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ వాగ్నర్ కోట మీద దాడిలో షా చనిపోతాడు, కథ అక్కడితో అయిపోతుంది. ముగిసింది ఆయన కథ. సైనికుల కథ ఇంకా సగంలోనే ఉంది. రెండు గంటల్లో అన్నీ పట్టవని నాకూ తెలుసు. పాత్రలు కల్పించినా, తేదీలు కాస్త అటూఇటూ జరిపినా నాకు అభ్యంతరం లేదు. పట్టుదల ఎవరిదో, గెలుపు ఎవరిదో మార్చకూడదు. తెర మీద జెండా ఎత్తుకున్న సైనికుడు నేలకొరుగుతాడు. ఆ రోజు నిజంగా జెండా కాపాడిన సార్జెంట్ విలియం కార్నీ గాయాలతో బతికి బయటపడ్డాడు, ఆయనకి అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది 1900లో. అది చూపిస్తే సినిమాకి ఏం తక్కువయ్యేది?

శిల్పాన్ని 1897లో ఆవిష్కరించినప్పుడు చనిపోయిన తెల్ల ఆఫీసర్ల పేర్లు చెక్కారు. నల్లజాతి సైనికుల పేర్లు 64 వెనకవైపు చేరింది 1982లో. సినిమా చూసిన వారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, ఆ పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివించాను.