శివనసముద్రం గొప్పతనం ‘ఆసియాలోనే మొదటిది’ అన్న మాటలో లేదు

ఆగస్టు 5 వస్తే చాలు, మన బెంగళూరు తెలుగువాళ్ల ఫోన్లలో అదే పోస్టు తిరుగుతుంది: 1905లో ఇక్కడ కరెంటు వీధిదీపాలు వెలిగాయి, ఆ కరెంటు వచ్చిన శివనసముద్రం ఆసియాలోనే మొదటి జలవిద్యుత్ కేంద్రం అని. రెండో ముక్క తప్పు. డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్ 1897లోనే నడిచింది. అందులో 65 కిలోవాట్ల మిషన్లు రెండు. ఊరి దీపాలకు కట్టిన కేంద్రం అది.

శివనసముద్రం సాధించింది దూరం. కావేరి దగ్గర పుట్టిన కరెంటు 1902 జూన్ 30న సుమారు 147 కిలోమీటర్లు దాటి కోలార్ బంగారు గనులకు చేరింది. బెంగళూరు వంతు మూడేళ్ల తర్వాతే. మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్ పట్టుబట్టి మొదలుపెట్టించిన కేంద్రం ఇది.

లెక్క చూడండి. మొదట్లో అక్కడ 720 కిలోవాట్ల జనరేటర్లు ఆరు, వాటి నుంచి వచ్చేది 2,200 వోల్టులు. అదే వోల్టేజీతో పంపితే తీగలు వేడెక్కడానికే కరెంటంతా సరిపోయేది. ట్రాన్స్‌ఫార్మర్లతో 35,000కి పెంచారు. వోల్టేజీ 16 రెట్లయితే తీగలో పారే కరెంటు 16వ వంతవుతుంది, అదే తీగలో నష్టం సుమారు 250వ వంతుకు దిగుతుంది. ఎండాకాలంలో నది సన్నబడితే మాత్రం ఏ ట్రాన్స్‌ఫార్మరూ ఆదుకోదు. 1911లో కన్నంబాడి కట్ట (ఇప్పటి కృష్ణరాజ సాగర్ ఆనకట్ట) పని మొదలవడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడక్కడ 42 మెగావాట్లు: 3 మెగావాట్లవి ఆరు, 6 మెగావాట్లవి నాలుగు. అంటే తొలి తరం మిషన్లు పక్కకు పోయినట్టే. నా బాధంతా ఇక్కడే. ఏ పాత పవర్‌హౌస్‌లోనైనా భవనానికి సున్నం వేసి వారసత్వం కాపాడామంటారు, ఇనుమును తుక్కు కింద తూకానికి వేస్తారు. మిగిలినదానికి నేమ్‌ప్లేటుతో సహా సిల్వర్ పెయింట్ కొడతారు. తుప్పు వదలడానికి ఇసుకను జోరుగా కొట్టే బ్లాస్టింగ్ అయితే ఇంకా ఘోరం, పోతలో వచ్చిన అక్షరాలే అరిగిపోతాయి. బోర్డు మీద సెకనుకు 25 సైకిళ్లు (ఆ కరెంటు ఫ్రీక్వెన్సీ) అని రాయకపోతే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ అంత లావెందుకో ఇంజనీరింగ్ పిల్లలకు కూడా అర్థం కాదు. నేటి 50 సైకిళ్లకైతే దాదాపు సగం ఇనుము చాలు.

పాత మిషన్ను విప్పేముందు ప్రతి భాగానికీ నంబరు వేసి ఫొటో తీయాలి. పాత స్విచ్‌బోర్డుల్లో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే నార) ఉండొచ్చు, వాటిని గీకనే కూడదు. షాఫ్టును (తిరిగే ఇరుసును) కదపకుండా వదిలేస్తే బేరింగులో నూనె పొర జారిపోయి, తేమ చేరి, ఆనిన చోటే తుప్పు పడుతుంది. నూనె పోసి, కొన్నాళ్లకొకసారి చేత్తో తిప్పి, ప్రతిసారీ వేరే కోణంలో ఆపాలి.