ఆర్‌ఎం చెవిటిది, ఎక్స్‌ఆర్గ్స్ షేర్ ఆటో

ఇది లైనక్స్ (విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్) ల ఫైళ్లు లేపేసే ఆర్‌ఎం, దానికి పేర్లు అందించే ఎక్స్‌ఆర్గ్స్ అనే రెండు కమాండ్ల ముచ్చట. ముందే చెప్తున్న, ఈ పోస్టుల కమాండ్లన్నీ తెలుగు అక్షరాలల్లనే రాస్తున్న. కావాలనే. కాపీ కొట్టి టెర్మినల్‌ల అతికిస్తే ఒక్కటి కూడా పని చెయ్యదు. చదివి, సమజ్ చేసుకొని, మీ చేత్తోని మీరే కొట్టుకోవాలె. నా కొంప ముంచింది కాపీ పేస్టే కాబట్టి దానిమీద ఈ మాత్రం కక్ష ఉంటది.

హన్మకొండల మా చిన్నమ్మ కొడుకుకు ఫొటో స్టూడియో ఉన్నది. పెండ్లిళ్లు, హల్దీలు, బతుకమ్మ, రెండేండ్లకోసారి మేడారం జాతర. పాత డెస్క్‌టాప్ ఒకటి మూలకు పడి ఉంటే నేనే దానికి లైనక్స్ ఎక్కించి, రెండు హార్డ్ డిస్కులు బిగించి, "ఇగ ఫొటోలన్నీ ఇండ్లనే పెట్టుకో తమ్మీ" అని ఇచ్చిన. వాడు ప్రతి ఈవెంటుకు ఒక ఫోల్డర్ పెట్టుకున్నడు. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందర దాని నకలు ఇంకోటి తీసి, పేరు చివర "పాత" అని తగిలించిండు. "మేడారం", "మేడారం పాత". "బతుకమ్మ", "బతుకమ్మ పాత". మనిషి చదువుకోనీకి మంచిగనే ఉన్నది కదా?

2024 ఫిబ్రవరి జాతర ఫొటోల మీద మూడు వారాలు కూసున్నడు. అయిపోయినంక మార్చిల ఒక ఆదివారం ఫోన్: "అన్నా, డిస్క్ నిండింది. పాత అని ఉన్నయన్నీ లేపేయ్."

లేపేసిన. ఎప్పుడో ఎక్కడో దొరికి నోట్సుల దాచుకున్న లైను తీసి, పేరు మార్చి కొట్టిన: ఫైండ్ . -నేమ్ '*పాత' | ఎక్స్‌ఆర్గ్స్ ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్. ఫైండ్ చివర "పాత" ఉన్న పేర్లు వెతుకుతది, నిలువు గీత (పైపు) వాటిని పక్క కమాండ్‌కు పంపుతది, ఎక్స్‌ఆర్గ్స్ వాటిని ఆర్‌ఎం చేతిల పెడ్తది, ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ అడగకుండ ఫోల్డర్లతో సహా లేపేస్తది. సప్పుడు లేదు, ఎర్రర్ లేదు, ప్రాంప్ట్ వచ్చి బుద్ధిగ నిలబడ్డది. ఫోల్డర్ తెరిచి చూస్తే "మేడారం పాత" అట్లనే కూసున్నది. "మేడారం" లేదు. "బతుకమ్మ పాత" ఉన్నది, "బతుకమ్మ" లేదు. ఏవి పోవాలెనో అవి ఉన్నయి, ఏవి ఉండాలెనో అవి పోయినయి. నకలు మిగిలింది కాబట్టి ఫొటోలు దక్కినయి, మూడు వారాల ఎడిటింగ్ మాత్రం గంగల కలిసింది. తమ్ముడు నన్నేం అనలే. అనకపోవుడే ఎక్కువ బాధ.

ఏమైందంటే, ఫైండ్ పంపింది "./మేడారం పాత" అని ఒక్క లైను. ఎక్స్‌ఆర్గ్స్ దానికి ఖాళీ కనవడ్డ కాడ కత్తిరిస్తది. అంటే ఆర్‌ఎంకు చేరింది రెండు పేర్లు: "./మేడారం" ఒకటి, "పాత" ఇంకోటి. మొదటిది నిజంగనే ఉన్నది, లేపేసింది. రెండోది అసలు లేనే లేదు, కానీ నేను -ఎఫ్ ఇచ్చిన కదా, లేని ఫైలు గురించి నోరెత్తొద్దని దాని అర్థం. నోరెత్తలే.

ఇప్పుడు మీరు అంటరు, "ముందు ఎకో పెట్టి చూసుకోవాలె కదా భయ్". అన్నా, చూసిన! ఆర్‌ఎం ముందర ఎకో (ఇచ్చినదాన్ని నడపకుండ స్క్రీన్ మీద చూపించే కమాండ్) పెట్టి నడిపిన. స్క్రీన్ మీద ఏం వచ్చిందో తెలుసా? ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ ./మేడారం పాత ./బతుకమ్మ పాత. చూడనీకి అచ్చం కరెక్టు. ఎందుకంటే ఎకో తనకొచ్చిన పేర్ల నడుమ తనే ఒక ఖాళీ పెట్టి చూపిస్తది. ఆ ఖాళీ పేరు లోపలిదా, రెండు పేర్ల నడిమిదా, కండ్లతోని చూసి చెప్పుడు ఎవ్వరితోని కాదు. అందరు ఇచ్చే ఆ సలహా సరిగ్గ కావల్సిన కాడనే మోసం చేస్తది. చూడాలంటే ఎక్స్‌ఆర్గ్స్ -ఎన్ 1 ఎకో అని కొట్టాలె, ఒక్కో పేరు ఒక్కో లైన్ల వస్తది. అట్ల చూసి ఉంటే "పాత" ఒక్కటే ఒంటరిగ ఒక లైన్ల నిలబడి నన్ను చూసి నవ్వేది.

నా అసలు లొల్లి మన ల్యాబుల మీద. ఇంజినీరింగ్‌ల యూనిక్స్ (లైనక్స్‌కు తాత లాంటిది) ల్యాబ్ అంటే మాకు రికార్డు రాసుడే. వైవాల ఒకటే ప్రశ్న, పైపు అంటే ఏంది? ఒక కమాండ్ అవుట్‌పుట్ ఇంకో కమాండ్‌కు ఇన్‌పుట్ అని చెప్తే మార్కులు పడ్డట్టే. కరెక్టే. కానీ ఇన్‌పుట్ వేరు, ఆర్గ్యుమెంట్ (కమాండ్ పక్కన రాసి ఇచ్చేది) వేరు అని నాలుగేండ్లల్ల ఒక్కరన్న చెప్తే ఒట్టు. గ్రెప్ (మాటలు వెతికేది), సార్ట్ (వరుసల పెట్టేది) లాంటివి పైపుల వచ్చిన అక్షరాలు చదువుకుంటయి. ఆర్‌ఎంకు అటుదిక్కు చెవే లేదు. ఫైళ్ల పేర్లు తీసుకపోయి పైపుల దాని మీద పోస్తే చెవిటోని ముందర శంఖం ఊదినట్టే, పేరు ఏది అని ఉల్టా మనల్నే అడుగుతది. దానికి పేర్లు ముందుగాలనే, ఒక్కోటి విడివిడిగ, చేతిల పెట్టాలె. పైపులకెళ్లి వచ్చేదేమో ఏకధార. బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థల పని చేసిన డగ్ మెకిల్‌రాయ్ 1964లనే ప్రోగ్రాములను తోటల నీళ్ల గొట్టం లెక్క ఒకదానికొకటి బిగించుకునేటట్టు ఉండాలె అని రాసిండు, 1973ల యూనిక్స్ తయారు చేసినోళ్లల్ల ఒకడైన కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌ల పెట్టిండు. గొట్టంల నీళ్లకు ఏ బిందెకు ఏవి అని గీత ఉంటదా? ఉండదు. ఎక్స్‌ఆర్గ్స్ ఆ ధారను మళ్ల బిందెలల్ల పట్టి ఇస్తది, గీత ఎక్కడ గీయాలెనో మాత్రం మనం చెప్పాలె. చెప్పకుంటే ఖాళీ కాడ గీస్తది, కోట్ కనవడితే దాని జోడీ కోసం చూస్తది.

గీత సరిగ్గ గీసే ఉపాయం ఒకటే. ఫైలు పేర్ల ఖాళీ ఉండొచ్చు, కోట్ ఉండొచ్చు, ఎంటర్ కొట్టిన కొత్త లైను కూడా ఉండొచ్చు. ఉండరానిది సున్నా బైటు, దానితోపాటు ఫోల్డర్లను విడదీసే స్లాష్. అందుకే ఫైండ్‌కు -ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్‌కు -0. ప్రతి పేరు చివర సున్నా బైటు పెట్టుమని దానికి, అక్కడనే కత్తిరించుమని దీనికి. తెలుగు పేర్లకు కూడా భయం లేదు, యూటీఎఫ్-8ల (అక్షరాలను బైట్లుగ రాసే పద్ధతి) తెలుగు అక్షరాల లోపల సున్నా బైటు రానే రాదు. ఇంత సీదా ఉపాయం పోసిక్స్ (యూనిక్స్ రకం సిస్టమ్‌లకు ఉమ్మడి రూల్ బుక్కు) ప్రమాణంలకు ఎప్పుడు ఎక్కిందో తెలుసా? 2024ల! పైపు పుట్టిన 51 ఏండ్లకు. అమలుల ఎన్నో ఏండ్ల సంది ఉన్నది, కాయితం మీదికి రానీకే ఇన్నేండ్లు. మన కాడ పట్టాదారు పాసుపుస్తకమే నయం.

"మరి ఆర్‌ఎం తర్వాత నక్షత్రం గుర్తు (అన్ని పేర్లు అని అర్థం) పెడితే అయిపాయె కదా, ఈ ఎక్స్‌ఆర్గ్స్ ఎందుకు" అంటరు. వంద ఫైళ్లకు అయిపోతది. లక్షల ఫొటోలకు ఆర్గ్యుమెంట్ లిస్టు చాలా పొడుగున్నదని వెనకకు కొడతది. కొట్టేది ఆర్‌ఎం కాదు, కర్నెల్, అంటే సిస్టమ్ గుండెకాయ. 2007 దాకా లైనక్స్‌ల ఆర్గ్యుమెంట్లకు ఇచ్చే జాగ 128 కిలోబైట్లే, 2.6.23 కర్నెల్ నుంచి స్టాక్ (ప్రోగ్రాముకు ఇచ్చే ఒక రకం మెమరీ) పరిమితిల నాలుగో వంతు, మామూలుగ 2 ఎంబీ. అది కూడా బైట్ల లెక్క. "మేడారం" అంటే ఆరు గుర్తులు, 18 బైట్లు. ఒక ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు కాబట్టి తెలుగుల 85 గుర్తులు దాటి పేరు పెట్టలేం. మన భాషల పేర్లు జర బొద్దుగ ఉంటయి, బండి తొందరగ నిండుతది.

బండి అంటే గుర్తొచ్చింది. కాజీపేట జంక్షన్ బయట హన్మకొండ చౌరస్తాకు పోయే షేర్ ఆటోలు చూసిండ్రు కదా? నిండే దాకా కదలయి. ఎక్స్‌ఆర్గ్స్ అచ్చం గదే. పేర్లు ఎక్కించుకుంట ఎక్కించుకుంట, ఇంక పట్టయి అన్నప్పుడు ఒక ట్రిప్పు కొడతది, మళ్ల ఖాళీ అయి నింపుకుంటది. -ఎన్ 1 అంటే స్పెషల్ మాట్లాడుకున్నట్టు, ఒక్కో పేరుకు ఒక్కో ట్రిప్పు. పెద్ద (క్యాపిటల్) -పి 4 అంటే ఒకేసారి నాలుగు ఆటోలు. ఫొటోల సైజు తగ్గించేటప్పుడు నాలుగు కోర్లు పని చెయ్యాలంటే ఇది మస్తు పనికొస్తది, కానీ -ఎన్ ఇయ్యకుండ -పి ఒక్కటే ఇస్తే మొదటి ఆటోలనే అందరు ఎక్కేస్తరు, మిగిలిన మూడు చూస్కుంట నిలబడతయి. దీనితోని నేను నెల రోజులు పరేషాన్ అయిన. చిన్న -పి మళ్ల వేరే, అది ప్రతి ట్రిప్పుకు ముందర పోవాల్నా అని అడుగుతది. ఒకే అక్షరానికి ఈ రెండు పనులు ఎవలు పెట్టిండ్రో గాని దండం. ఇంకో విచిత్రం, జీఎన్‌యూ రకం (లైనక్స్‌ల మామూలుగ వచ్చేది) ఆటో ప్యాసింజర్ ఒక్కరు లేకున్నా ఒక ఖాళీ ట్రిప్పు కొట్టొస్తది. వద్దంటే -ఆర్ పెట్టాలె.

ఇగ కొందరు పెద్ద మొగోళ్లున్నరు. సెడ్‌తోని (లైన్లల్ల మాటలు మార్చే కమాండ్) ప్రతి పేరు ముందర ఆర్‌ఎం అని అతికించి, మొత్తం తీసుకపోయి | ఎస్‌హెచ్ అని షెల్లుకే (మనం కొట్టిన కమాండ్లను చదివి నడిపేది) పోస్తరు. ఆఫీసుల ఒకాయన దీన్ని నాకు గొప్పగ నేర్పిండు. ఏదన్న ఫైలు పేర్ల సెమికోలన్ ఉన్నదనుకోండి, దాని తర్వాతి ముక్కను షెల్లు కమాండ్ అనుకొని నడిపేస్తది. ఎవడో పెట్టిన పేరు మీ మిషన్ల హుకుం అయితది. ఎక్స్‌ఆర్గ్స్‌ను ఎంత తిట్టినా ఒక్క మాట ఒప్పుకోవాలె, అది నడుమ షెల్లును పిలవదు, సెమికోలన్ సెమికోలన్ లెక్కనే పోతది. మనమే క్యాపిటల్ -ఐ {} పెట్టి (ప్రతి పేరు ఆ {} జాగల వచ్చి కూసుంటది), ఎస్‌హెచ్ -సి (షెల్లుకే కమాండ్ రాసి ఇచ్చే తీరు) కోట్ల లోపల ఆ {} ఇరికిస్తే మళ్ల అదే గుంతల పడ్డట్టు. కోట్ల బయట ముందు ఒక ఉత్త పేరు (అది డాలర్ 0 అయితది), దాని తర్వాత చివరన {} ఇచ్చి, లోపల డాలర్ 1 అని డబుల్ కోట్లల్ల తీసుకోవాలె.

ఇప్పుడైతే నేను సగం పనులకు పైపే పెడ్తలే. ఫైండ్‌కే -ఎగ్జెక్ (దొరికిన పేర్లతోని తనే కమాండ్ నడిపేది) ఉన్నది, చివర {} + పెడితే అదే షేర్ ఆటో పని చేస్తది, పేరు తెగదు. పైపు తప్పని కాడ -0.

తమ్ముడు కూడా మారిండు. ఫోల్డర్ పేర్లల్ల ఖాళీలు తీసి అండర్‌స్కోర్లు పెడుతున్నడు. "అన్నా, ఇగ నీ ఎక్స్‌ఆర్గ్స్ ఏం పీకలేదు" అన్నడు. పోయిన వారం నకళ్లు లెక్కపెట్టనీకి బద్దకానికి -0 లేకుండనే నడిపిన. నడిమిట్లనే ఆగింది, జోడీ లేని సింగిల్ కోట్ అని మొత్తుకున్నది. వెతికితే కొత్త ఫోల్డర్: "స్వాతి'స్_హల్దీ_పాత".