గుహలూ, దయచేసి మీ సిలబస్ మార్చుకోండి

కేవ్ డైవింగ్‌లో, అంటే నీళ్లు నిండిన గుహల్లోకి ఈదుకెళ్లే విద్యలో, యాభై ఏళ్లలో అన్నీ మారాయి. ట్యాంకులు మారాయి, లైట్లు మారాయి, ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసే తీరూ మారింది. మారనిది గుహ ఒక్కటే. నెత్తిన రాతికప్పు, నిండా నీళ్లు, దారి తప్పినవాణ్ణి వదలననే మొండిపట్టు. ప్రగతికి అడ్డుపడే ఈ ధోరణిని తీవ్రంగా ఖండించాల్సిందే.

పాతకాలం ఎంత వెనకబడి ఉండేదో చూడండి. ఫ్లోరిడా ఊటగుహల్లో చావులు పెరిగాక, 1968లో అక్కడివాళ్లు సంఘం పెట్టుకుని శిక్షణ మొదలుపెట్టారు. షెక్ ఎక్స్‌లీ అనే ఆయన 1972కే, 23 ఏళ్ల వయసులో, వెయ్యి కేవ్ డైవ్‌లు పూర్తిచేశాడు. తర్వాత, గుహల్లో చనిపోయినవాళ్ల కథలన్నీ ముందేసుకుని, ఎందుకు పోయారో 1979లో రాశాడు. బయటిదాకా తెగకుండా సాగే తాడు లేదు. గాలిలో మూడింట రెండు వంతులు తిరుగుదారికి మిగల్చలేదు. మరీ లోతుకు దిగారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఆనాటి సిలబస్ అన్నమాట. వ్యాపారదృష్టి బొత్తిగా లేదు. ఆ ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని జకటోన్‌లో పోయాడు. సీనియారిటీకి సైతం విలువివ్వని చోట సర్టిఫికెట్టుకు ఏం మర్యాద దక్కుతుంది?

బ్రిటన్‌వాళ్లది ఇంకా ఘోరం. 1946 నుంచి ఉన్న అక్కడి కేవ్ డైవింగ్ గ్రూప్‌లో కొత్తవాడు అనుభవజ్ఞుల వెంట తిరిగి నేర్చుకోవాలి. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్‌లో చిక్కుకున్న 12 మంది పిల్లల్నీ కోచ్‌నీ మొదట కనిపెట్టిన స్టాంటన్, వొలాంథెన్ ఆ బాపతే. ఆ బురదనీళ్లలో కోర్సు పాసైన కార్డు చూపించుకునే అవకాశం దక్కలేదు, పాపం.

ఇప్పుడు అలాంటి అవస్థల్లేవు. కావెర్న్ (పగటి వెలుతురు అందే గుహముఖం), ఇంట్రో, ఫుల్ కేవ్ అని కోర్సుల్లో మెట్లున్నాయి. ఒకదాని వెంట ఒకటి పట్టుబట్టి చేస్తే వారం పదిరోజుల్లో అన్నీ ఎక్కేయొచ్చు. ఆ పైన ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే లాగ్‌బుక్‌లో డైవ్‌ల లెక్క చూపాలి. ఒకే గుహలో ఒకే తాడు పక్కన వందసార్లు వెళ్లొచ్చినా లెక్క వందే. గుహకు లెక్కలు రావు కానీ పుస్తకానికి వచ్చు.

చీకటి పరీక్ష సంగతి చెప్పాలి. విద్యార్థి కళ్లకు గంత కడతారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, అందులోంచి తాడు జారుతుండగా, రెండో చెయ్యి తోటివాడి భుజంమీద వేసి బయటికి రావాలి. తాడుకు తగిలించిన, బయటికి దారి చూపే ప్లాస్టిక్ బాణం తగిలితే మొన ఎటుందో తడిమి తెలుసుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్ చెయ్యిచాపు దూరంలోనే ఉండాలి, ఉన్నట్టు మాత్రం తెలియకూడదు. మొదట ఇదంతా చెట్ల మధ్య తాడు కట్టి నేలమీదే చేయిస్తారు. నా దృష్టిలో అక్కడితో ఆపేస్తే సరి. వెలుతురు బాగుంటుంది, ఫొటోలూ బాగా వస్తాయి.

వారమంతా నేర్పి, ఆఖర్న "నువ్వింకా తయారు కాలేదు" అని కార్డు ఇవ్వకుండా పంపించే ఇన్‌స్ట్రక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. పరిశ్రమకు చెడ్డపేరు వీళ్లవల్లే. ఫీజు కట్టినవాడికి కాలు సరిగా ఆడించడం రాకపోతేనేం?

కాబట్టి గుహలకు నా డిమాండ్లు. కాలికి తొడిగిన ఫిన్ తప్పుగా ఆడిన మాత్రాన అడుగునున్న ఒండు ఒక్కసారిగా లేచి కళ్లు కప్పేయకూడదు, ముందు నోటీసివ్వాలి. లోపలికి వెళ్లేటప్పుడు మూడోవంతు గాలే వాడాలనే నియమంలో బేరానికి వీలుండాలి. ఇక చాలా గుహల నోట్లో నీళ్లలోనే ఓ బోర్డు ఉంటుంది. కొడవలి పట్టిన మృత్యువు బొమ్మ, కింద "ఆగు, ఇక ముందుకు వెళ్లకు" అనే హెచ్చరిక. 300 మందికి పైగా డైవర్లు ఇలాంటి చోట్లే పోయారట, వాళ్లలో ఓపెన్ వాటర్ (గుహల్లో కాక బయటి నీళ్లలో డైవింగ్ నేర్పే) ఇన్‌స్ట్రక్టర్లూ ఉన్నారట. ఇన్‌స్ట్రక్టర్ల ప్రస్తావన వృత్తిగౌరవానికి భంగం. ఆ వాక్యం తీసేసి కోర్సు వివరాలు రాయాలి. బొమ్మ ఉంచుకోవచ్చు, కాకపోతే చేతిలో కొడవలి బదులు రసీదు పుస్తకం పెట్టాలి.