మార్జిన్ సరిగ్గానే ఉందంట, వర్డ్ ఫైల్ కావాలంట

ఇప్పుడే థీసిస్‌లు తీసుకునే సెక్షన్ ఆఫీసు నుంచి ఇంటికొచ్చాను. బయట అనంతపురం ఎండ, లోపల కడుపు మంట. ఇది రాయకపోతే రాత్రికి నిద్ర పట్టదు.

నా థీసిస్ వెనక్కిచ్చారు. తప్పుందని కాదు. సెక్షన్ సార్ సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి నా కళ్లముందే ఎడమ మార్జిన్ కొలిచారు. బైండింగ్‌కు ఒకటిన్నర అంగుళం, సరిగ్గా ఉంది. అధ్యాయం పేరు మధ్యలో ఉంది. పేజీ నంబర్ కింద ఉంది. అంతా చూసి, "బాగుందమ్మా, దీని వర్డ్ ఫైల్ తీసుకురా" అన్నారు. వర్డ్‌లో చేయలేదు సార్, లిక్స్‌లో చేశానన్నాను. "అదేందో మాకు తెల్దు. అందరూ వర్డ్‌లోనే ఇస్తాండారు, నీదొక్కటే ఎట్ల తీసుకునేది?"

అందరూ! ఆ అందరూ ఏం చేస్తున్నారో నేను చూడలేదా? టవర్ క్లాక్ దగ్గర డీటీపీ సెంటర్‌లో పేజీకింతని కట్టి, గంటలకొద్దీ స్టూలు మీద కూర్చుంటున్నారు. నాలుగో అధ్యాయంలో ఒక్క సమీకరణం కొత్తగా చేరిస్తే దాని తర్వాతి నంబర్లన్నీ చేత్తో దిద్దిస్తున్నారు. ఎక్కడో ఒకటి తప్పిపోతుంది. అది వైవాలో బయటపడుతుంది.

తెలియని వాళ్లకు చెప్తున్నా. లేటెక్ అంటే మనం రాసింది పుస్తకంలా పేజీలుగా పేర్చిపెట్టే ప్రోగ్రామ్. లిక్స్ అనేది దాని మీద నడిచే వర్డ్ ప్రాసెసర్. 1995లో మతియాస్ ఎట్రిచ్ మొదలుపెట్టాడు, ఆ మరుసటి ఏడాది లినక్స్‌లో వాడే కేడీఈ డెస్క్‌టాప్ మొదలుపెట్టింది కూడా ఆయనే. అందులో ఇది అధ్యాయం, ఇది సిద్ధాంతం, ఇది నిరూపణ అని మనం చెప్తే చాలు. అవి కాగితం మీద ఎలా కనబడాలో డాక్యుమెంట్ క్లాస్ చూసుకుంటుంది. నంబర్లు వాటంతట అవే మారతాయి.

మా ఫార్మాట్‌కు అలాంటి క్లాస్ ఎవరూ చేసిపెట్టలేదు. మాకిచ్చింది ఒక జిరాక్స్ కాగితం. జిరాక్స్‌కు జిరాక్స్ తీసింది, ఆరో రూలు సగం చెరిగిపోయింది. దాన్ని పక్కన పెట్టుకుని, లేటెక్‌లో ముందే ఉన్న రిపోర్ట్ క్లాస్ మీద నా సొంత లేఅవుట్ ఫైల్, అంటే ఆ క్లాస్‌ను లిక్స్‌కు చెప్పే ఫైల్, రాసుకున్నాను. మూడు వారాలు పట్టింది. అందులో రెండు రోజులు మొదటి లైన్లకే పోయాయి. క్లాస్‌ను డిక్లేర్ చేసే లైన్ ముందు హ్యాష్ (#) గుర్తు ఉంటుంది. ప్రోగ్రామ్ పట్టించుకోని కామెంటేమో అనుకుని తీసేశాను. రీకాన్ఫిగర్ కొట్టి, మూసి మళ్లీ తెరిస్తే నా క్లాస్ లిస్టులోనే లేదు! ఆ లైన్ చూసే ప్రోగ్రామ్ క్లాస్‌ను గుర్తుపడుతుందని తర్వాత తెలిసింది. ఇంకో వారం అధ్యాయం పేరుతో కుస్తీ. లేఅవుట్‌లో అలైన్ సెంటర్ అని రాస్తే స్క్రీన్ మీద మధ్యకొచ్చింది, పీడీఎఫ్‌లో ఎడమ పక్కనే ఉంది. లేఅవుట్‌లో పెట్టే అలైన్‌మెంట్, ఫాంట్ స్క్రీన్ వరకే. కాగితం మీదికి రావాలంటే లేటెక్‌కు చెప్పాలి. అదే ఫైల్లో ప్రియాంబుల్, అంటే లేటెక్‌కు ముందుగా ఇచ్చే ఆదేశాలు, పెట్టి, శీర్షికల రూపం మార్చే టైటిల్‌సెక్ ప్యాకేజీతో రాశాక అధ్యాయం పేరు మధ్యకొచ్చింది. అర్ధరాత్రి అమ్మను లేపి చూపించాను. "బాగుందిలే పాపా, ఇంక పండుకో" అంది.

ఇప్పుడు అదంతా పక్కన పడేసి 212 పేజీలు వర్డ్‌లోకి మార్చాలంట! మారిస్తే నా సమీకరణాలు ఏమవుతాయో, "చూడండి 3.14" అన్న చోటల్లా ఏం మిగులుతుందో ఆ సార్‌కు తెలుసా? ఎందుకు అడుగుతున్నారో అదైనా చెప్పారా? కొలవాల్సింది కాగితం మీదే కొలిచారు కదా!

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1977లో తన పుస్తకం ప్రూఫులు చూసి, అక్షరాలు బాగాలేవని, ఈ లేటెక్‌కు పునాది అయిన టెక్ తయారుచేయడానికి కూర్చున్నాడు. మరుసటి ఏడాదికి మొదటి టెక్ నడిచింది. ఆ మనిషి పేజీని అంతలా పట్టించుకున్నాడు. మనకేమో ఫార్మాట్ పెట్టిన వాళ్లే దానికొక టెంప్లేట్ ఇవ్వరు. ఒక్కసారి క్లాస్ రాసి అందరికీ ఇస్తే, ఏటా వచ్చే స్కాలర్లందరికీ ఆ స్టూలు తప్పుతుంది కదా!

నా బాధ నిజానికి ఈరోజుది కూడా కాదు. తెలుగులో పరిశోధన చేసిన మా అక్క లాంటి స్నేహితురాలు ఒకామె ఉంది. వాళ్ల నాన్న చనిపోయిన ఏడాదే ఆమె థీసిస్ పూర్తిచేసింది. అంకితం పేజీలో ఆయన పేరు, కింద నాలుగు లైన్లు రాసుకుంది. డీటీపీలో పాత నాన్ యూనికోడ్ ఫాంట్‌తో కొట్టారు. ప్రింట్ ఇంకో షాపులో తీశారు, అక్కడి సిస్టంలో ఆ ఫాంట్ లేదు. బైండింగ్ చేసిన ఐదు కాపీల్లోనూ వాళ్ల నాన్న పేరున్న చోట ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. ఆమె ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. వైవాకు టైమ్ లేదు, అవే ఇచ్చేసింది. "పర్వాలేదులేమ్మా, లోపల మ్యాటర్ ఉంది కదా" అన్నారు.

పర్వాలేదా? నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ తెలుగులో ఉంది. డాక్యుమెంట్ సెట్టింగ్స్‌లో నాన్ టెక్ ఫాంట్లకు టిక్ పెట్టి, పోతన ఫాంట్ ఎంచుకుని, యూనికోడ్ ఫాంట్లు నేరుగా వాడగల జీటెక్‌తో పీడీఎఫ్ తీశాను. ఫాంట్ పీడీఎఫ్ లోపలే ఉంటుంది, ఏ షాపులో ప్రింట్ తీసినా మా అమ్మ పేరు మా అమ్మ పేరులాగే వస్తుంది. ఆ అక్క మెట్ల మీద కూర్చున్న రోజే ఇది నేర్చుకోవాలని పట్టుబట్టాను.

వర్డ్ ఫైల్ ఇవ్వను. రేపు 11 గంటలకు పీడీఎఫ్, ప్రింట్ రెండూ తీసుకుని మళ్లీ సెక్షన్‌కు పోతున్నా, ఏ రూల్లో వర్డ్ అని ఉందో ఆ జిరాక్స్ మీద చూపించమని అడుగుతా. లేఅవుట్ ఫైల్, ఖాళీ టెంప్లేట్ ఈ రాత్రికే డ్రైవ్‌లో పెడుతున్నా. జూనియర్లు ఎవరికి కావాలన్నా మెసేజ్ పెట్టండి. ఆ హ్యాష్ లైన్ మాత్రం తీసేయకండి.