ఎలుగుబంటికి ఓచర్ ఏదీ?

మా మామగారు లోకల్ ఫండ్ ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. పంచాయతీవాళ్లు బ్లీచింగ్ పౌడర్ ఎన్ని బస్తాలు కొన్నారు, అందులో ఎన్ని చల్లారు అని అడగడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక జీతం ఆగింది గానీ అడగడం ఆగలేదు. అమ్మాయి పురిటికని డాలస్ పక్కన మా ఊరికి వచ్చినప్పుడు, అడగడానికి ఇంకేమీ దొరక్క మా కరెంటు బిల్లులు ముందేసుకున్నారు. నా బిల్లుల్ని కాపాడుకోవడం కోసం ఆయనకి 'లాస్ట్' సీరియల్ పెట్టాను.

2004 సెప్టెంబరులో ఏబీసీ ఛానల్లో మొదలైన సీరియల్ అది. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న విమానం ఒక దీవి మీద కూలిపోతుంది. మొదటి రాత్రే అడవిలో కంటికి కనిపించనిదేదో చెట్లు విరుచుకుంటూ తిరుగుతుంది. అది చాలదన్నట్టు, ధ్రువాల దగ్గర మంచు మీద ఉండాల్సిన తెల్ల ఎలుగుబంటి ఒకటి ఆ ఉక్కపోతలో ఊడిపడుతుంది. ప్రయాణికుల్లో ఒకడు దాన్ని కాల్చేస్తాడు.

మామగారు పాజ్ కొట్టించారు.

"అల్లుడుగారూ, ఈ ఎలుగుబంటి అక్కడికెలా వచ్చినట్టు?"

"ముందు ముందు చెప్తారండీ."

"ఎవరు తెప్పించారు? ఏ పద్దు కింద? రవాణా ఖర్చు ఎవరిది?"

ఈ మాటతో నోటుబుక్ తెప్పించుకుని, మొదటి పేజీలో 'పేరా 1: ఎలుగుబంటి' అని రాసి కింద గీత గీశారు. ఆడిట్ భాషలో పేరా అంటే అభ్యంతరం.

న్యాయంగా చెప్పాలంటే మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకున్నారు కూడా. ఆ ఎపిసోడ్‌లోనే రేడియోలో ఒక ఫ్రెంచ్ ఆవిడ సందేశం వినిపిస్తుంది. ముప్పై సెకన్లది, కోటీ డెబ్భై లక్షల పైచిలుకు సార్లు మోగింది కాబట్టి పదహారేళ్ల అయిదు నెలలుగా మోగుతోందని ఒకతను అక్కడికక్కడే లెక్కగడతాడు. మామగారు ఫోన్లో కాలిక్యులేటర్ తీసి కొట్టి చూశారు. సరిపోయింది. "రాసినవాళ్లలో ఒక్కడైనా లెక్కలు వచ్చినవాడున్నాడు," అని ఆ రాత్రి ఒక చపాతీ ఎక్కువ తిన్నారు.

తర్వాత అంకెలొచ్చాయి. 4, 8, 15, 16, 23, 42. ఒకడికి లాటరీ తగిలించి జీవితాన్ని నాశనం చేసిన అంకెలు. ప్రతి 108 నిమిషాలకీ వీటిని కంప్యూటర్లో కొట్టి మీట నొక్కకపోతే ప్రళయం. మామగారు అన్నీ కూడితే సరిగ్గా 108 వచ్చింది. వంటింట్లోంచి అత్తయ్యగారు, "నూట ఎనిమిదా! అష్టోత్తరమన్నమాట. అయితే దేవుడి సీరియలే," అని తీర్పు చెప్పేశారు. 2011 జనవరిలో మెగా మిలియన్స్ లాటరీలో వీటిలో నాలుగు అంకెలు నిజంగానే వచ్చి, ఈ అంకెలతో టికెట్ కొన్నవాళ్లకి 150 డాలర్లు ముట్టాయని నేను చెప్పాను. "లాటరీవాడు ఇచ్చాడు, బానే ఉంది. సీరియల్ వాడు జవాబివ్వలేదే!" అన్నారు. అది పేరా 7.

వాల్ట్ అనే కుర్రాడి దగ్గర మాత్రం ఆయనకి నిజంగా బీపీ పెరిగింది. వాడికి కోపమొస్తే పిట్టొచ్చి కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చిపోతుంది. వీడిలో ఏదో శక్తి ఉందని సీజనంతా ఊరించి, చివర్లో ఎత్తుకుపోయారు. తర్వాత సరిగ్గా కనపడడు. అసలు సంగతేమిటంటే, దీవి మీద కథ నాలుగు సీజన్లకి కలిపి మూడు నెలల పైచిలుకే నడుస్తుంది, నటించిన కుర్రాడేమో నాలుగేళ్లూ పెరుగుతూనే ఉన్నాడు. కథ కోసం పిల్లాడి ఎదుగుదల ఆపలేరు కదా. మామగారు నిట్టూర్చి, "మా డిపార్ట్‌మెంట్లోనూ ఇంతేనయ్యా. సంజాయిషీ అడిగే టైముకి మనిషికి ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది," అన్నారు.

అత్తయ్యగారికి ఇవేవీ వింతగా లేవు. 'కార్తీకదీపం' 2017 నుంచి 2023 దాకా చూసిన మనిషి ఆవిడ. డాక్టర్‌బాబు ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయించుకుంటే తేలిపోయేదానికి ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. 'లాస్ట్' వాళ్లు 2010లో ముగించేస్తామని 2007 మేలోనే ప్రకటించారని చెబితే ఆవిడ జాలిపడ్డారు. "అంత ముందు చెప్పేస్తే ఇంక చూడ్డమెందుకు బాబూ?"

ఇలా ఆరో సీజన్ చివరికొచ్చాం. అడవిలో తిరిగేది నల్లటి పొగ అని తెలుసు. ఆ పొగ ఎలా పుట్టిందో చెప్పే ఎపిసోడ్ ఆ రోజే. మామగారు పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చున్నారు. అందులో ఒకావిడ, ఒక ప్రశ్నకి జవాబిస్తే ఇంకో ప్రశ్న పుడుతుంది అనే అర్థం వచ్చేలా మాట్లాడుతుంది. "ఇలాంటి రిప్లై మా ఆఫీసుకి ఎవడైనా రాసుంటే ఇంక్రిమెంట్ ఆపించేవాణ్ణి," అని పళ్లు నూరారు మామగారు.

అదే సమయానికి అత్తయ్యగారు గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఇక్కడ మా పొయ్యి మీదున్న ఫ్యాన్ పొగని బయటికి పంపదు. పీల్చుకుని, కాస్త ఆలోచించి, మళ్లీ మన మొహం మీదే వదుల్తుంది. టీవీలో ఒకడు తన తమ్ముణ్ణి వెలుగొచ్చే గుహలోకి తోసేశాడు. గుహలోంచి నల్లపొగ బుసకొడుతూ లేచింది. మా నెత్తిమీద స్మోక్ అలారం కుయ్యోమంది.

"సౌండ్ అదిరిందయ్యా!" అన్నారు మామగారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఆ తర్వాత ఘాటు హాల్లోకి వచ్చింది. అందరం దగ్గు. లోపల పసివాడు ఏడుపు. మా ఆవిడ తువ్వాలు పెట్టి అలారానికి విసురుతోంది, నేను తలుపులు తెరుస్తున్నాను. అలారం కంపెనీవాళ్లు ఫోన్ చేశారట. ఫోన్ సోఫా దిండు కిందుంది. ఎత్తకపోతే నియమం ప్రకారం వాళ్లే ఫైరింజన్‌కి కబురు పెట్టేస్తారు. పెట్టేశారు.

గొడ్డళ్లతో, శిరస్త్రాణాలతో ముగ్గురు లోపలికొచ్చారు. మంటల్లోకి దూకే మనుషులు మిరపకాయల ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అత్తయ్యగారు నొచ్చుకుని మజ్జిగ ఇచ్చారు. గ్లాసు పట్టుకున్న పెద్దాయన ఆగిపోయిన టీవీ తెర వంక చూసి, "ఓ, లాస్ట్!" అన్నాడు. అప్పట్లో వచ్చినప్పుడే చూశాడట.

మామగారు నోటుబుక్‌తో లేచారు. "సర్, వన్ క్లారిఫికేషన్ ప్లీజ్. పోలార్ బేర్ ఎందుకు తెచ్చారు?"

ఆయన తల గోక్కుని, అదేమీ పట్టించుకోనక్కర్లేదని, విమానం కూలినప్పుడే వాళ్లంతా చచ్చిపోయారని చెప్పి, మజ్జిగ పూర్తిచేసి వెళ్లిపోయాడు.

అది తప్పు. 2010 మే 23న ఆఖరి ఎపిసోడ్ అయ్యాక పేర్లు పడేటప్పుడు ఛానల్‌వాళ్లు ఖాళీ విమాన శకలాల దృశ్యాలు జోడించారు. అవి చూసి అమెరికాలో బోలెడంతమంది ఇలాగే అనుకున్నారు. అవి కథలో భాగం కావని ఛానలే చెప్పుకోవాల్సొచ్చింది. దీవి మీద జరిగిందంతా నిజమేనని ఆఖరి ఎపిసోడ్‌లో హీరో తండ్రి విడమరిచి చెప్తాడు కూడా. ఇదంతా మామగారికి వివరించబోయాను.

"మీరు సీరియల్ చూసి చెప్తున్నారు అల్లుడుగారూ. ఆయన గవర్నమెంటు మనిషి, యూనిఫాంలో ఉండి స్టేట్‌మెంట్ ఇచ్చాడు," అన్నారు.

ఆ రాత్రి ఆఖరి ఎపిసోడ్లు పెట్టనివ్వలేదు. భోజనమయ్యాక గోంగూర వాసన వస్తున్న చేత్తో ఒక్కో పేరా కొట్టేసుకుంటూ వచ్చారు. అంకెలు, వాల్ట్, పొగ, అన్నిటి ఎదురుగా 'సంబంధిత వ్యక్తులు మరణించినందున ముగించడమైనది.' మొదటి పేజీకి వచ్చి ఆగిపోయారు. సీరియల్‌లో పంజరాలు చూపించి, ప్రయోగాలకి తెచ్చారని మధ్యలో ఓసారి చెప్పారు గానీ, ఏ ప్రయోగమో సరిగ్గా తేల్చలేదు. మిగతాది తర్వాత డీవీడీలో అనుబంధంగా పెట్టారన్న సంగతి నేను ఆయనకి చెప్పలేదు, చెప్పను కూడా.

"అంతా పోయినవాళ్లేనని ఫైలు మూసేశారుగా, అదీ కొట్టేయండి," అన్నారు అత్తయ్యగారు పాలు తోడుపెడుతూ.

"ఎలా కొట్టేస్తానే? పోయింది ప్రయాణికులు. ఎలుగుబంటి టికెట్ కొని ఎక్కిందా?"